దూది పొట్ట

దర్జీ తమ్ముడికి,

మొన్న నీ కొట్టు ముందు నోరు పారేసుకున్నాను, మనసులో పెట్టుకోకు. నువ్వు టేపు తియ్యగానే నేను ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుంటానని, నా పాత బట్టల కొలతలతో దూది బొమ్మ చేశావు. బాగానే ఉంది. దాన్ని గుమ్మంలో నిలబెట్టాలా? మా ఆయన దాని ముందు ఆగి, "తాళం నీ దగ్గరుందా?" అని అడిగి, జవాబు కోసం నిలబడ్డారు! వీధంతా నవ్వింది. అందుకే దాని పొట్ట తగ్గించమని కేకలేశాను.

కానీ తమ్ముడూ, అంతకుముందు రోజు రోడ్డు అవతలి నుంచి ఆ బొమ్మని చూసి, అది నేనేనని తెలియక, "ఎవరీవిడ, ఎంత నిండుగా, దర్జాగా ఉంది!" అని కుళ్ళుకున్నాను.

నువ్వు నా మాట విని దూది పీకేశావు. ఇవాళ మా ఆయన దాన్ని రాసుకుంటూ వెళ్ళి కూడా తల తిప్పలేదు. నాకు ప్రాణం చివుక్కుమంది.

ఆ దూది మళ్ళీ కూరెయ్యి. ఇప్పటికే ఎవరి దిండులోనైనా పెట్టేసి ఉంటే ఆ దిండు విప్పించు, అది నా పొట్ట. నాలాగే దానికీ ఎడమ భుజం కాస్త జారి ఉంటుంది, దాన్ని సరిచెయ్యకు. కొలత కావాలంటే రేపు నేనే వస్తాను. ఈసారి ఊపిరి బిగబట్టను.

ఇట్లు,
బొమ్మ కాని అక్క