నల్ల గీత మధ్య ఫొటో

3 మే

నేను ఇంట్లో ఖాళీగా ఉన్నానని అమ్మ పక్కింటావిడతో చెప్పింది. తలుపు తీసే ఉంది, వినపడింది. చదువైపోయి ఏడాది దాటింది, పిల్ల పొద్దస్తమానం ఆ తెల్ల స్క్రీన్ వంక చూస్తూ కూర్చుంటుంది, దిగులేమోనని భయంగా ఉంది, అంది.

దిగులు కాదమ్మా. మార్జిన్. బొమ్మ చుట్టూ ఎంత ఖాళీ వదలాలా అని.

4 మే

మెతోది మామయ్య బొమ్మల వెబ్‌సైట్ పూర్తయింది. సోఫియాలో డిజైన్ స్టూడియో వాళ్ళకి ఉద్యోగం కోసం చూపించడానికి నాకున్న పని ఇదొక్కటే.

తెరవగానే మాటలుండవు. ఒకే బొమ్మ, కిటికీ గట్టు మీద మూడు క్విన్స్ పళ్ళు. చుట్టూ తెలుపు. కాగితం తెలుపు కాదు, మామయ్య వేసే నీడల అడుగున ఉండే తెలుపు, కాస్త బూడిద కలిసినది. కిందికి జరిపితే రెండో బొమ్మ నెమ్మదిగా వస్తుంది, గోడవైపు తిప్పి ఆనించిన కాన్వాసుని ఎవరో ఇటు తిప్పుతున్నట్టు. చివర ఆయన ఫొటో, నలుపు తెలుపుల్లో, చుట్టూ సన్నటి నల్ల గీత. కింద పేరు, పుట్టిన సంవత్సరం. ఓ మూల, కనపడీ కనపడకుండా: డిజైన్, జోర్నిత్సా.

మళ్ళీ మళ్ళీ తెరిచి చూసుకున్నాను. బాగుంది. నేనే అనుకోవాలి, ఇంకెవరంటారు.

11 మే

మామయ్య పేరు పండగ, ఆయన పేరున్న సాధువు రోజు. దీనికి పిలుపులుండవు కాబట్టి మా ప్లోవ్‌దివ్‌లో సగం ఊరు వచ్చింది. రకియా సారా రెండో గ్లాసు తర్వాత సైట్ టీవీలో పెట్టమన్నాడు. క్విన్స్ పళ్ళు రాగానే అందరూ మాటలాపారు. నిజంగా ఆపారు. ఆ నిశ్శబ్దం నాది.

చివరికి ఫొటో వచ్చింది.

అమ్మమ్మ శిలువ గుర్తు వేసుకుంది. ఓరి నా కొడుకో, బతికుండగానే నీకు చావు కాగితం అంటించార్రా, అని ఒకటే గోల. చూశాను. నిజమే. తెలుపు, నల్ల అంచు, ఫొటో, పేరు. మా బిల్డింగు తలుపు మీద, పోయినవాళ్ళ పేరిట అంటించినవి, అలాంటివి ఎప్పుడూ రెండు మూడుంటాయి, వానకి ముడుచుకుపోయి. రోజూ వాటి పక్కనుంచే వెళ్తాను. తట్టలేదు.

పోయినాయన బొమ్మలకి రేటెక్కువలే మెతోదీ, అన్నారెవరో. మామయ్య తప్ప అందరూ నవ్వారు. అమ్మ నన్ను వంటింట్లోకి లాగి, నీ మనసులో ఏం తిరుగుతోందో ఇప్పుడు తెలిసింది, డాక్టరుకి చూపిద్దాం, అంది.

12 మే

మామయ్య కొడుకు ఆసెన్ సైటంతా మార్చేశాడు. ఎర్ర తెర, బంగారు అక్షరాలు, ఈదే హంసలు. నా పేరు లేదు. అమ్మమ్మ స్క్రీన్‌కి ముద్దు పెట్టిందట.

19 మే, మధ్యాహ్నం

సోఫియా నుంచి గ్యాలరీ ఆవిడ మామయ్యకి ఫోన్ చేసిందట. హంసలు రాకముందే సైట్ చూసిందట. బొమ్మ చుట్టూ అంత ఖాళీ వదిలే ధైర్యం ఎవరిదని అడిగిందట.

నాదేనన్నాను, అని రొట్టె తుంచుతూ చెప్పాడు మామయ్య. ఆలోచన నాదేగా, మా పిల్ల టైపు కొట్టింది అన్నా. ఆవిడ ఊళ్ళోకి వచ్చేలోగా పాతది మళ్ళీ పెట్టు. ఆ నల్ల గీతొద్దు. నీ పేరొద్దు, ఆవిడ చూస్తే నా మాట పోతుంది. నీకేం తగ్గిపోతుంది తల్లీ, సొంతదానివే కదా.

అమ్మ నా ప్లేటులో ఇంకో కూరిన మిరపకాయ వేసింది.

20 మే

పెట్టాను. నా సొంత వెబ్ అడ్రసులో, మామయ్యదాంట్లో కాదు. బొమ్మలన్నీ తీసేశాను, అవి ఆయనవి. తెలుపు నాది. చివర నల్ల గీత అలాగే ఉంది. అందులో నా ఫొటో, కింద జోర్నిత్సా అని, పుట్టిన సంవత్సరం.

లింకు స్టూడియోకి పంపాను. అమ్మమ్మకీ పంపాను.

రేపు పొద్దున బస్సుకి సోఫియా వెళ్ళిపోతున్నాను.