కనిపించని దారం

మార్చి 11, బుధవారం
పగలు మూడు గంటలు

చిరంజీవి బొంగరానికి,

అమ్మమ్మ ఆశీస్సులు. అక్కడ నువ్వూ ఇక్కడ నేనూ క్షేమమన్న మాటతో ఉత్తరం మొదలుపెట్టడం నా అలవాటు. ఈసారి ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు. నువ్వు క్షేమంగా లేవని నువ్వే నాలుగు పేజీలు రాశావు. పైగా దానికి తేదీ లేదు. పోస్టు ముద్ర చూసి నేనే వేసుకున్నాను. కళ్లద్దాల దుకాణంలో అద్దం మందం వెంట్రుకవాసి తేడా రాకుండా చూసే పిల్లవు, ఉత్తరం మీద తేదీ వేయడానికి నీకేం రోగం?

ముందు ఇక్కడి సంగతులు. నా నడుం నొప్పి అలాగే ఉంది. మీ అమ్మ సెలవు పెట్టి వచ్చి, నాకు సాయం చేస్తున్నాననుకుని వంటింటి డబ్బాలన్నీ మార్చి సర్ది వెళ్లింది. ఉప్పు ఎక్కడుందో ఇంతవరకు దొరకలేదు. కింది వాటాలో టైలరు మన కిటికీ రెక్క బిగించి పెట్టాడు. బదులుగా వాళ్లమ్మాయికి లెక్కలు చెప్పమన్నాడు. ఆ పిల్ల భాగహారం చూస్తే నా నడుం నొప్పే నయమనిపిస్తోంది.

ఇక నీ సంగతి. నాకు అర్థమైనది రాస్తాను, తప్పుంటే దిద్దు. పెళ్లయ్యాక కొన్నాళ్లు పిల్లలు వద్దని మీరిద్దరూ అనుకున్నారు. మాత్రలు నీకు పడలేదు, తలనొప్పులు, వాంతులు. అందుకని మందు ఏమీ లేని రాగిది, కాపర్ టీ, పెట్టించుకున్నావు. ఆ సంగతి మీ అత్తగారికి తెలియదు. నెలనెలా ఒళ్లు తోడేసినట్టు రక్తం పోయినా ఓర్చుకున్నావు. తరవాత పిల్లలు కావాలనుకుని తీయించుకోవడానికి వెళితే, దాని చివర ఉండే దారం కనిపించడం లేదు, ఎప్పుడో నెలసరిలో జారిపోయి ఉంటుంది, నువ్వు చూసుకుని ఉండవు అని చెప్పి నర్సు పంపించేసింది. తీసే బాధ తప్పిందని సంతోషపడి ఇంటికి వచ్చావు. అప్పటినుంచి ఏడాదికి పైగా ఎదురుచూపులే. ఇప్పుడు కొత్త డాక్టరు దగ్గరికి వెళుతున్నావు. ప్రతిసారీ మీ అత్తగారు పక్క కుర్చీలో ఉంటారు కాబట్టి ఆ డాక్టరుకు కాపర్ టీ మాటే చెప్పలేదు. స్కానింగుకు వెళితే పాత సంగతులన్నీ అడుగుతారని ఏదో ఒక వంక పెట్టి వాయిదా వేస్తున్నావు.

చివరి పేజీలో, లోపం నాదే అమ్మమ్మా, నీ పోలికే వచ్చింది అన్నావు. నెలాఖరుకు అతన్ని వదిలి అమ్మ దగ్గరికి వచ్చేస్తానన్నావు. అతను ఇంకో పెళ్లి చేసుకుని పిల్లల తండ్రి అవుతాడట. ఇదంతా అతనికి ఇంకా చెప్పలేదు గానీ, పెట్టె మాత్రం సర్దావు.

నీ పోలికే అన్న ఆ రెండు మాటలకు జవాబు చెప్పాలి. నాకు ఒక్క కాన్పే ఎందుకయిందో నీకు ఎవరు చెప్పారో, ఎంత చెప్పారో నాకు తెలియదు. నేనే చెబుతాను.

నేను నూలు మిల్లు ఆఫీసులో లెక్కలు రాసేదాన్ని. మీ తాతయ్య అదే మిల్లులో ఎలక్ట్రీషియన్. మీ అమ్మ పుట్టాక, ఈ పిల్ల కాస్త నడిచి మాట్లాడేదాకా ఇంకొకరు వద్దనుకున్నాం. మిల్లు ఆసుపత్రికి కొత్తగా ఒక లేడీ డాక్టరు వచ్చింది. కాపర్ టీ అప్పుడప్పుడే వచ్చిన రోజులవి. పెట్టేటప్పుడు కొంచెం నొక్కినట్టు ఉంటుంది, అంతే అంది. ఆ కొంచెం ఎంతో ఆ బల్ల ఎక్కినవాళ్లకే తెలుసు. కాన్పు నొప్పినంతా ముద్ద చేసి ఒక్క చోట గుచ్చినట్టయింది. లేచి నిలబడితే గోడలు తిరిగాయి. కాసేపు కూర్చోబెట్టి, ఇక పనికి వెళ్లమంది. వెళ్లాను. ఆ రోజు వేసిన కూడికలన్నీ మర్నాడు మళ్లీ వేయవలసి వచ్చింది. నా ఉద్యోగంలో అలా జరిగింది ఆ ఒక్కసారే.

సంగతి ఎలాగో బయటికి పొక్కింది. కండెలు చుట్టే ఆడవాళ్లు నన్ను చూస్తే చాలు, రాగి కదమ్మా, చిలుం పడుతుంది, అప్పుడప్పుడు పులుపు పెట్టి తోముకో అనేవాళ్లు. నేను నవ్వేదాన్ని కాదు. ఇంటికొచ్చి మీ తాతయ్యకు చెబితే ఆయన నవ్వేవాడు, అప్పుడు నాకూ నవ్వొచ్చేది.

నవ్వు అంతవరకే. నెలసరి వస్తే నాకు కాళ్లలో ప్రాణం ఉండేది కాదు. ముదురు రంగు చీరలు తప్ప కట్టడం మానేశాను. ఆఫీసులో అందరూ వెళ్లిపోయాక గానీ కుర్చీలోంచి లేచేదాన్ని కాదు. కడుపులో మెలిపెట్టే నొప్పి వస్తే బల్ల అంచు పట్టుకుని, పంటి బిగువున అంకెలు రాసుకుంటూ పోయేదాన్ని. అయినా దాన్ని తిట్టను. నాకు కావలసింది అది ఇచ్చింది. భయం లేకుండా మొగుడి పక్కన పడుకోగలిగాను. ఎంతోమంది ఆడవాళ్లకు ఏ ఇబ్బందీ పెట్టలేదు కూడా. అందరి ఒళ్లూ ఒకటి కావు.

నెలకోసారి స్నానం చేశాక దారం వేలికి తగులుతోందో లేదో చూసుకోమని డాక్టరు చెప్పింది. తప్పకుండా చూసుకునేదాన్ని. ఒక నెల తగల్లేదు. ఆసుపత్రికి పరుగెత్తాను. ఆ లేడీ డాక్టరు బదిలీ అయిపోయింది. నర్సు చూసి, దారం లేదంటే అదీ లేనట్టే అంది. ఇంత రక్తం గడ్డలుగా పోతోంది కదా, దానితోపాటు జారి ఉంటుంది, గుడ్డలు కుళాయి కింద జాడించేటప్పుడు కాలవలో కొట్టుకుపోయి ఉంటుంది అంది. మరి అది పోయాక రక్తం తగ్గాలి కదా అని అడిగాను. అది నీ ఒంటి తత్వం అంది. తెల్ల కోటు వేసుకున్న మనిషి చెప్పిందని ఊరుకున్నాను.

అప్పటికి మీ అమ్మ పరుగులు పెడుతోంది. మాకూ ఇంకొకరు కావాలనిపించింది. పోయింది మంచికే అనుకున్నాం. ఆ ఇంకొకరు రానే లేదు. మా అత్తగారు మొదట కషాయాలు తాగించింది, తరవాత మాటలు తాగించింది. కాకవంధ్య, ఒక్క కాన్పుతో గొడ్డుపోయింది అనేది, వచ్చినవాళ్లందరి ముందూ. మీ తాతయ్య సిగ్గు చంపుకుని పరీక్ష చేయించుకున్నాడు. ఆయనలో ఏ లోపమూ లేదన్నారు. దాంతో మిగిలింది నేను. ఆయనకు ఇంకో పెళ్లి చేస్తానని మా అత్తగారు పిల్లను కూడా చూసింది.

నేనూ పెట్టె సర్దాను, బొంగరం. మీ అమ్మను తీసుకుని మా అన్నయ్య ఇంటికి పోతానన్నాను. మీ తాతయ్య స్విచ్చు బోర్డు విప్పి పెట్టుకుని కూర్చున్నాడు. తల ఎత్తలేదు.

“ఉన్న పిల్లకు ఎక్కాలు నేర్పు. లేని పిల్లల గురించి నాకు చెప్పకు” అన్నాడు.

మర్నాడు ఆ పెట్టె ఆయనే మోసుకుని మమ్మల్ని వేరే ఇంటికి తీసుకొచ్చాడు. ఆ రోజు నుంచి వాళ్లమ్మ ఆయనతో మాట్లాడలేదు. ఆవిడ మంచాన పడ్డాక చూడడానికి వెళ్లాడు. ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుంది. పోయేదాకా తిరగలేదు. ఇంటికొచ్చి ఆయన నాతో ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడాన్ని నేను బతికినంత కాలం మోస్తాను.

ఇప్పుడు నువ్వు చేయవలసింది చెబుతున్నాను. ఈ ఉత్తరం అందిన మర్నాడు స్కానింగుకు వెళ్లు. దుకాణంలో సెలవు ఇవ్వకపోతే జీతం కోసుకోమను. డాక్టరుకు కాపర్ టీ పెట్టించుకున్నావని, తీయించుకోలేదని, దారం కనిపించలేదని చెప్పు. మీ అత్తగారు పక్కన ఉంటే ఆవిడ ముందే చెప్పు. ఏమవుతుంది? ఓ నెల్లాళ్లు మూతి ముడుచుకుంటారు, పదిమందికీ చెప్పుకుంటారు. అది భరించలేక మొగుణ్ణి వదులుకుంటావా? అతన్ని అడగకుండా పెట్టె సర్దడం త్యాగం అనుకుంటున్నావు. అతని బతుక్కి అతన్ని అడక్కుండా నువ్వు తీర్పు చెబుతున్నావు. నాకైతే అది మర్యాదగా కనిపించడం లేదు.

జారిపోయి ఉంటుంది అన్నది మాట. కళ్లతో చూసింది కాదు. స్కాను చూడకుండా లోపం నాదే అని ఇంకోసారి రాస్తే, ఆ ఉత్తరం తిరుగు టపాలో పంపిస్తాను. స్కానులో అది లోపల లేదని తేలితే, అప్పుడు ఏడుద్దువుగాని, నేనూ వచ్చి పక్కన కూర్చుంటాను. తేలకముందు వద్దు.

వేళకు తిను. రక్తం తక్కువున్నదానివి, మెట్లు గబగబా ఎక్కకు. మీ ఆయనకు నా ఆశీస్సులు.

ఇట్లు,
కసిరినా నీ మంచే కోరే
అమ్మమ్మ

తా.క.: కవరు అంటించి, మళ్లీ చింపాను. ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానో చెప్పకుండా పంపితే, ముసలిదాని చాదస్తం అని పక్కన పడేస్తావు.

సోమవారం నా నడుముకు ఎక్స్‌రే తీశారు. చూసిన డాక్టరమ్మ నీ ఈడుదే ఉంటుంది. “లోపల కాపర్ టీ ఉందని చెప్పలేదేమిటమ్మా?” అని అడిగింది. అది ఎప్పుడో పోయింది, మీరు వేరేవాళ్ల ఫిల్మ్ చూస్తున్నారని దబాయించాను. ఆవిడ ఫిల్మ్ కిటికీకి ఆనించి వేలు పెట్టి చూపించింది. తుంటి ఎముకల మధ్య తెల్లగా, సన్నగా, స్కేలు పెట్టి గీసినట్టు ఉంది. కింద నా పేరే ఉంది. దారం మెలికపడి పైకి పోయి ఉంటుందట, అలా జరుగుతుందట. పిల్లలు కావాలని నేను మందులు మింగినన్నాళ్లూ అది అక్కడే కూర్చుని దాని పని అది చేసింది. నాలో ఏ లోపమూ లేదు. ఆయనలోనూ లేదు.

వచ్చే వారం తీస్తారు. చిన్న పనేనట.

మీ తాతయ్యకు చెబుదామంటే ఆయన లేడు. మీ అమ్మకు ఇంకా చెప్పలేదు. చిన్నప్పుడు ఒక చెల్లెలు కావాలని బడి నుంచి ఏడుస్తూ వచ్చేది. అమ్మకు ఒంట్లో బాగాలేదు, మళ్లీ అడగకు అని నేనే కోప్పడ్డాను. మళ్లీ అడగలేదు. ఇప్పుడు దానికి ఈ మాట ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు. నీకు తోస్తే రాయి.