అమానతు నీళ్లు

నర్సయ్య బావా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ ఉత్తరం ఏ పోస్టులో వేసినా నిన్ను చేరదని తెలిసే రాస్తున్నాను.

మన దేశానికి కొత్త రాష్ట్రపతి వచ్చారు. మొన్న శుక్రవారం డ్యూటీ లేక, ఇక్కడ ఒమాన్‌లో, మన నిజ్వా రూమ్‌లో అందరం రేడియోలో ఆయన తొలి ప్రసంగం విన్నాం. నీళ్లు, అడవులు, నేల ఏలేవాళ్ల సొత్తు కాదనీ, పుట్టబోయేవాళ్ల అమానతు, మన దగ్గర దాచమన్న సొమ్ము అనీ హిందీలో చెప్పారు.

ఆ మాటకు అందరూ నీ మంచం వైపు చూశారు.

మన ఊరి నీరటివి నువ్వు. తూము తీసి వంతుల వారీగా మళ్లకు నీళ్లు వదిలేవాడివి. చెరువు ఎండాక ఇక్కడికొచ్చావు గానీ ఆ బుద్ధి మారలేదు. ఎవరైనా నల్లా వదిలేస్తే, "బంద్ చెయ్‌రా, అవి నీయి కావు, అమానతు" అనేవాడివి. "కంపెనీ నీళ్లు, నీకేంది బావా?" అని నేనే నవ్వేవాణ్ణి.

సైట్ పక్క ఖర్జూరం తోటలోకి నీళ్లు ఊరికే పారుతున్నాయనుకుని ఓసారి కాలువకు రాయి అడ్డం పెట్టావు. అది తోట ముసలాయన వంతని నీకు తెలియదు. ఆయన కోపంగా వస్తే, అరబీ రాని నువ్వు "అమానత్" అన్నావు. ఆ మాట అరబీలోనూ ఉందట, ఆయన చల్లబడి "అమానా" అంటూ నీ భుజం తట్టాడు.

ప్రసంగం అయ్యాక ఆ తోటకు వెళ్లాను. ముసలాయన నువ్వేడని చేత్తోనే అడిగాడు. నేను పైకి చూపించాను. ఆయన నన్ను కాలువ దగ్గరికి తీసుకెళ్లాడు. తన వంతు అయిపోగానే కాలువ మూయడానికి ఇప్పుడు వాడుతున్న రాయి చూపించాడు.

నువ్వు పెట్టిన రాయే, బావా.

నీ బామ్మర్ది
మల్లేశం