గడ్డం పైకెత్తు

జనవరి 18

ప్రియమైన అబాంగ్,

మీ పేరు రాయలేను, మా వైపు ఆడవాళ్ళు భర్తను పిలిచినట్టే అబాంగ్ అంటున్నాను. మీరు ఓడ ఎక్కి నేటికి ఇరవై మూడు రోజులు. సముద్రం అడుగున తీగలు పరిచే ఓడలో ఫోను పలకదని తెలిసినా, రోజూ సాయంత్రం చేతిలోకి తీసుకుని చూసి పెట్టేస్తున్నాను. పలికినా నేనేం మాట్లాడగలను? పెళ్ళయ్యాక మనం కలిసి ఉన్నది నాలుగు నెలలు. అందులో సగం మీ ముఖం చూడకుండానే గడిపాను. కాగితం మీదైతే కొంచెం నయం. మా లింగా దీవిలో ఆరో తరగతితో ఆగిన చదువు నాది, తప్పులుంటే సర్దుకోండి.

మీ నుంచి ఏమైనా వస్తుందేమోనని రోజూ తొమ్మిది అంతస్తులు దిగి, ఉత్తరాల పెట్టెల దగ్గర నిలబడి వస్తున్నాను. మీ కంపెనీ ఆఫీసులో ఇస్తే ఓడకు వెళ్ళే సంచీలో వేస్తారని మీ చెల్లెలు ఇల్యానా చెప్పింది. తను సాధనకు వెళ్ళే దారిలోనే ఉందట, తనే ఇస్తానంది. కవరు మెతుకులతో గట్టిగా అంటించాను. ఎందుకంటే రాయబోయేది తన గురించే.

కింద నుంచి పైకి గాలి ఊదే అద్దాల గొట్టంలో ఎగిరే ఆటలో మీ చెల్లెలు ఛాంపియన్ అని మా దీవిలో కూడా తెలుసు. పన్నెండేళ్ళకే కప్పు తెచ్చిన పిల్ల. ఇప్పుడు పదహారేళ్ళకు ఆమె పతకాలతో గోడ నిండిపోయింది. వాటిని తుడిచేది నేనే. అయినా నేనంటే ఆమెకు చులకన. నేను తలవంచుకుని అన్నం వడ్డిస్తుంటే, వేలితో తన గడ్డాన్ని పైకెత్తి చూపిస్తుంది. మాట ఉండదు. నా చేతిలో గిన్నె వణికితే బొటనవేలు, చిటికెనవేలు చాపి చెయ్యి ఊపుతుంది. పక్కింటి జైతోన్ పిన్ని అది చూసి, "నిన్ను మొద్దు అంటోందే పిల్లా. నోటితో అంటే మీ ఆయనకు రాస్తావని చేత్తో అంటోంది" అంది. తడి తువ్వాలు తెచ్చి నా నమాజు చాప మీద పడేస్తుంది. నా చేపల పులుసు ముట్టదు. "అక్కా" అని పిలుస్తుంది గానీ, ఆ పిలుపులో ఏముందో నాకు అంతుపట్టడం లేదు.

నేను పొరబడుతున్నానేమో మీరే చెప్పండి.

మీ మాట కోసం చూసే,
మస్తురా


జనవరి 24

ప్రియమైన మస్తురా,

నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. నువ్వు పెట్టెల దగ్గర నిలబడుతున్నావని చదివి మనసు చివుక్కుమంది. ఇక నిలబడకు. నా ఉత్తరాలు ఆఫీసు నుంచి ఇల్యానాయే తెస్తుంది.

అది నిన్ను వెక్కిరించడం లేదు. గొట్టంలో గాలి హోరుకు పక్కన అరిచినా వినపడదు. కోచ్ చెప్పేదంతా చేత్తోనే. ఏళ్ళ తరబడి అలా మాట్లాడి ఇంట్లోనూ అదే అలవాటైంది. గడ్డం పైకెత్తమనేది కొత్తగా వచ్చినవాళ్ళకు చూపించే మొదటి సైగ. తల వంచితే కింద వల కనపడుతుంది, భయం వేస్తుంది, ఒళ్ళు ముందుకు దూకుతుంది. గడ్డం ఎత్తితే గాలి తనే మోస్తుంది. రెండు వేళ్ళూ చాపి ఊపితే 'బిగుసుకోకు, ఒళ్ళు వదులు' అని. భయపడుతున్నవాళ్ళ మీద కోపం ఉంటే ఎవరూ అలా చూపించరు.

తువ్వాలు తప్పే. పులుసు సంగతి నాకు తెలియదు, కారం ఎక్కువైందేమో.

బాగా తిను. జైతోన్ పిన్ని మాటలు సగమే విను.

నీ,
ఫైరూజ్


ఫిబ్రవరి 21

ప్రియమైన అబాంగ్,

ఇంత చక్కగా రాస్తారని నాకు తెలియదు. మీ ఉత్తరం దిండు కింద పెట్టుకుంటున్నాను. కానీ మనసులో ఒకటి పెట్టుకుని పైకి ఇంకొకటి రాయలేను.

మీ ఉత్తరం వచ్చిన మర్నాటి నుంచి మీ చెల్లెలు మారిపోయింది. తువ్వాలు బాల్కనీలో వెదురు కర్ర మీద ఆరుతోంది. పులుసు రెండుసార్లు వేయించుకుంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా, "బాగుంది అక్కా" అంటూ తింది. ఈ సంగతులు నేను మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. మీరు ఆమెకు వేరే ఉత్తరం రాస్తున్నారా? నేను రాసినవన్నీ ఆమెకు చెప్పేస్తున్నారా? అలాగైతే ఈ ఇంట్లో నేను ఎవరితో మాట్లాడుకోవాలి?

జైతోన్ పిన్నికి ఇంకో అనుమానం. "మా తమ్ముడు ఓడ నుంచి రాస్తే రెండు నెలలకు వచ్చేది. మీ ఆయనది ఆరు రోజుల్లో వచ్చిందా? ఆ ఓడ సముద్రంలో ఉందా, చెరువులో తిరుగుతోందా?" అంది. నవ్వాను గానీ, ఆ మాట నన్ను పట్టుకుని కూర్చుంది.

నిన్న ఇల్యానా మంచం కింద ఊడుస్తుంటే ఒక సంచీ అడ్డొచ్చింది. కదలలేదు. తెరిస్తే నడుముకు కట్టుకునే పట్టీ, దాని జేబుల నిండా బూడిదరంగు ముక్కలు. అడిగితే, "ఆటకు సంబంధించినవి అక్కా" అని సంచీ లాక్కుంది. ఎగరాలనుకునే పిల్లకు బరువెందుకు?

నిన్ననే ఒక కాగితం కూడా తెచ్చింది. ఏప్రిల్‌లో పోలండ్‌లో ప్రపంచ పోటీలట. మీరు లేరు కాబట్టి ఇంటి పెద్దగా నేను సంతకం పెట్టాలట. మార్చి ఆఖరుకు ఇవ్వకపోతే ఆమె పేరు తీసేస్తారట. అంత దూరం వెళ్ళే పిల్ల ఏం దాస్తోందో తెలియకుండా నేనెలా సంతకం పెట్టను? కాగితం బియ్యం డబ్బా కింద పెట్టాను.

మీ,
మస్తురా


ఫిబ్రవరి 27

ప్రియమైన మస్తురా,

ఆ ముక్కలు సీసం. ఈ ఏడు ఇల్యానా జంట పోటీలో కూడా దిగుతోంది. జోడీ జోలిన్ దానికన్నా బరువైన పిల్ల. ఒకే గాలిలో ఇద్దరూ నిలిస్తే తేలికైనది పైకి పోతుంది, బరువైనది కిందకు జారుతుంది. అందుకే తేలికైన పిల్ల సీసం కట్టుకుంటుంది. మొదటి రోజుల్లో తుంటి దగ్గర ఒరుసుకుని చర్మం కమిలిపోతుంది. ఆ మచ్చలు నువ్వు చూస్తే భయపడతావని సంచీ లాక్కుని ఉంటుంది.

గాలిలో కాలి బొటనవేలు కదిపినా మనిషి తిరిగిపోతాడు. అలాంటి చోట పక్కవాళ్ళతో సమానంగా నిలబడటం ఎంత కష్టమో, కుదిరినప్పుడు ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను. అది ఏడాదంతా ఈ పోటీ కోసమే బతికింది. వచ్చే ఏటికి ఇంకా పొడుగవుతుంది, నేర్చుకున్నదంతా మళ్ళీ మొదటి నుంచి సరిచేసుకోవాలి. సంతకం పెట్టు మస్తురా.

నేను దానికి వేరే ఉత్తరం రాయడం లేదు. ఒట్టు.

నీ,
ఫైరూజ్


మార్చి 8

ప్రియమైన అబాంగ్,

పెళ్ళైన కొత్తలో మీరొక మాట చెప్పారు. చెల్లెలు ఎగురుతుంటే ఒక్కసారి కూడా చూడలేకపోయాననీ, అద్దం అవతల ఆమె తలకిందులు కాగానే కళ్ళు తిరిగి, కూల్‌డ్రింకుల మిషను వైపు తిరిగి నిలబడతాననీ. అలాంటి మీకు గాలిలో బొటనవేలు కదిపితే ఏమవుతుందో ఎలా తెలిసింది? సీసం పట్టీ ఎక్కడ ఒరుసుకుంటుందో ఎవరు చెప్పారు?

ఒక్కటే అడుగుతాను. లింగా నుంచి నన్ను తీసుకొచ్చినప్పుడు, ఫెర్రీలో ఏసీ చలికి నా చేతులు కొంకర్లు పోయాయి. అప్పుడు మీరు నాకేమిచ్చారు? మీ చెల్లెలు ఆ వారం పోటీలో ఉంది, మన పెళ్ళికి రాలేదు. ఇది మనిద్దరికే తెలుసు.

జవాబు వచ్చాకే సంతకం.

మస్తురా


మార్చి 15

ప్రియమైన మస్తురా,

ఫెర్రీలో నీకు నా కోటు ఇచ్చాను. కప్పాను కూడా. అంత చిన్న సంగతి మర్చిపోతానా?

కానీ నీకు నమ్మకం కలగకపోతే సంతకం పెట్టకు. నిజంగానే అంటున్నాను. పోటీలు మళ్ళీ వస్తాయి. నువ్వు అన్నం తినడం తగ్గించావట. అది మాత్రం చెయ్యకు. జైతోన్ పిన్ని చెప్పినా, ఎవరు చెప్పినా, ఈ ఇల్లు నీది.

నీ,
ఫైరూజ్


మార్చి 29

ప్రియమైన ఇల్యానా,

నీ పేరుతో మొదలైన ఉత్తరం చూసి ఉలిక్కిపడకు. ఇది మెతుకులతో అంటించలేదు. నీ ఎగిరే బట్టల సంచీలో పెడుతున్నాను.

నిన్న మీ అన్నయ్య కంపెనీ ఆఫీసుకు వెళ్ళాను. తలుపు బయట అరగంట నిలబడ్డాను. లోపలంతా మగవాళ్ళు. చివరికి గడ్డం పైకెత్తాను. ఎత్తాక వాళ్ళ ముఖాలు కనపడ్డాయి. నన్ను ఎవరూ పట్టించుకోవడమే లేదు. గుమస్తా పుస్తకం తిరగేసి, "మీ ఇంటి నుంచి ఇంతవరకు ఒక్క ఉత్తరం రాలేదమ్మా. ఓడ రేవుకు వచ్చిందే మొన్న. ఇదే మొదటి సంచీ" అని ఒక కవరు ఇచ్చాడు. మీ అన్నయ్య ఉత్తరం. మొత్తం రాస్తున్నాను, ఎంతో లేదు.

'మస్తురా, నాకు రాయడం చేతకాదు. ఆరు కాగితాలు చించాను. ఇక్కడ చలిగా ఉంది. ఫెర్రీలో నీ చేతులకు తొడిగిన సాక్సులు నీ దగ్గరే ఉన్నాయా? ఫైరూజ్.'

కోటు కాదు ఇల్యానా. బూట్లు విప్పి, కాళ్ళకున్న సాక్సులు తీసి నా చేతులకు తొడిగాడు. ఫెర్రీలో అందరూ నవ్వారు.

బస్సులో వస్తున్నంతసేపూ నిన్ను ఏమనాలో మాటలు కూడబెట్టుకున్నాను. సంతకం కోసం ఇంత నాటకం ఆడిందా అనుకున్నాను. ఇంటికొచ్చి ఉత్తరాలన్నీ తేదీల ప్రకారం మంచం మీద పరిచాను. పోటీ కాగితం నువ్వు తెచ్చింది ఫిబ్రవరిలో. నీ మొదటి ఉత్తరం జనవరిది. అప్పటికి నా నుంచి నీకు కావలసింది ఏమీ లేదు. నేను రోజూ ఉత్తరాల పెట్టెల దగ్గర నిలబడుతున్నానని చదివి, ఆగలేక రాశావు, అంతే.

నీ మీద నేను మోపిన తప్పులన్నీ నువ్వే చదివావు. చదివి, నా ఎదురుగా కూర్చుని పులుసు తిన్నావు. నా మాటలు కూడా ఆ సీసం ముక్కల్లా నడుముకు కట్టుకుని తిరిగావు. ఇంతకీ ఆ పులుసు నీకు ఇష్టమేనా? కాకపోతే ఇప్పుడైనా చెప్పు, కారం తగ్గిస్తాను.

కానీ నువ్వు చేసింది తప్పే. ఆ ఉత్తరాలు రెండు నెలలు నా దిండు కింద ఉన్నాయి. అవి రాసిన మనిషి లేడని తెలిసినప్పుడు ఎలా ఉంటుందో నీకు తెలియాలి. అందుకే రాస్తున్నాను. ఇంకెప్పుడూ ఆయన పేరుతో నాకు రాయకు. నీ పేరుతో రాయి. పోలండ్ నుంచి కూడా రాయి. నా ఉత్తరాలు నీ దగ్గరే ఉండనీ, ఆయనకు మాత్రం పంపకు. ఆయనకు కొత్తగా రాస్తాను, నీ మీద ఏమీ ఉండదు. జైతోన్ పిన్ని గురించి ఉంటుంది.

సంతకం పెట్టిన కాగితం ఈ ఉత్తరం వెనకే ఉంది. ఎల్లుండి ఆఖరి రోజు, మర్చిపోకు. నా సంతకం వంకరగా ఉంటే కోచ్‌కు చెప్పు, మా అక్క చేయి వణకలేదు, రాత అంతే అని.

నువ్వు విమానానికి బయలుదేరే రోజు నాకు మాట రాదు. లిఫ్టు తలుపు మూసుకునే ముందు నా చెయ్యి చూడు. వేలితో గడ్డం పైకెత్తి, నువ్వు నేర్పినదే చూపిస్తాను.

సంచీ అడుగున ఒక జత సాక్సులు ఉన్నాయి. మగవాళ్ళవి, పాతవి, ఒక మడమ దగ్గర నేను కుట్టాను. అక్కడ చలి ఎక్కువట. కప్పు తెచ్చినా తేకపోయినా, వాటిని మాత్రం తిరిగి తెచ్చి నాకివ్వాలి.

నీ అక్క,
మస్తురా