రాయి అని నేను చెప్పిన జబ్బు

గద్వాలలో నూలుకు రంగులు వేసే కార్ఖానా యజమానురాలు, కాలం చేసిన మర్హూం బాబా సాబ్ భార్య, అరవై రెండేళ్ల కుల్సుమ్‌బీ అను నేను, మతి నిలకడగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా రాయిస్తున్న వీలునామా. మతి బాగానే ఉంది. మనసే బాగా లేదు.

1. మా షరియత్ ప్రకారం వారసులు కానివారికి మూడో వంతుకు మించి రాసే హక్కు నాకు లేదు. మిగతాది కొడుకు తౌఫీక్, కూతురు షాజియా ధర్మప్రకారం పంచుకోవాలి. నూలు తూచే తక్కెడ మాత్రం నా మరిదికి ఇవ్వరాదు. మా పెళ్లి కూరకు వంక పెట్టిన మనిషి.

2. ఆ మూడో వంతు కింద కార్ఖానా వెనుక గదులు, రంగు కాచే రాగి కాగులు బాలనాగమ్మకు చెందాలి. మల్దకల్ నుంచి రోజూ వచ్చి, ఇన్నేళ్లూ నా పక్కనే నిలబడి నూలు చిలపలు రంగులో ముంచిన మనిషి. దీన్ని బహుమానమని రాయవద్దన్నాను. కారణం కింద ఉంది.

3. ఎరుపు వేసే రోజుల్లో మాకు గోళ్లు, ఉమ్మి అన్నీ ఎర్రబడతాయి. మూత్రం ఎర్రగా వచ్చినా రంగేననుకుని మజ్జిగ తాగి ఊరుకుంటాం. నేనూ ఊరుకున్నాను. షాజియా పోరు పడలేక హైదరాబాద్ దవాఖానకు పోయాను. మూత్రాశయంలోకి ఒక మందు ఎక్కించి, కాసేపాగి, సన్నని గొట్టంతో లోపల చూశారు. తెల్ల వెలుగులో ఏమీ కనపడలేదు. నీలి వెలుగు వేయగానే తెర మీద గులాబీ మచ్చలు మెరిశాయి. జన్మంతా రంగులు వేసినదాన్ని, అంత చక్కటి గులాబీ నేనెన్నడూ తీయలేదు. వాటిని లేజర్‌తో తీసి పరీక్షకు పంపారు. క్యాన్సరే, కాని మొదట్లోనే దొరికిందన్నారు. కొన్ని పాత రంగులతో ఈ ప్రమాదం ఉందని, నాతో పనిచేసినవారికీ పరీక్ష చేయించమని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

4. నేను ఇంటికొచ్చి, కార్ఖానాలో అందరికీ కిడ్నీలో రాయి అని చెప్పాను. “అమ్మీ, నిజం చెప్తే రేపు కాగు కాడ ఒక్కరు నిలబడరు” అన్నాడు తౌఫీక్. మాట వాడిది, నోరు నాది. పోయిన నెల బాలనాగమ్మ, “నాకు గూడ ఎర్రగొస్తుందక్కా. ఎరుపు జర ఎక్కువేసినం గదా” అని నవ్వింది. నేనూ నవ్వాను.

5. నా వెండి పట్టీలు షాజియాకు. ఆ పిల్ల పోరే నన్ను బతికించింది.

6. వీలునామాను మనిషి పోయాక చదువుతారు. నేను పోయేదాకా ఆగితే బాలనాగమ్మ ఉంటుందో లేదో. కాబట్టి సంతకానికి ముందే దీన్ని ఆమె ఎదుట చదివించాలి. గదులిచ్చి తప్పు మాఫీ చేయించుకుంటున్నానని ఆమె అనుకుంటే, అందులో కొంత నిజమే.

7. చదివించాక చేర్చినది. బాలనాగమ్మ అన్న మాటలు: “నీ గదులు నాకొద్దు. నా మొకం జూసుకుంట ఇన్ని దినాలు ఎట్లుంటివక్కా? రేపు పొద్దుగాల బస్సుకు దవాఖానకు పోత. నువ్వు గూడ రా. నా పక్క సీట్ల కూసోకు, కానీ రా. ఆ డాక్టరమ్మకు ఏం చెప్పాల్నో నాకు తెల్వదు.”

రెండో అంశం మారదు. రేపు బస్సుకు నేనూ పోతున్నాను.

గద్వాల, 14 నవంబర్ 2025
సంతకం: కుల్సుమ్‌బీ

సాక్షులు:
లలితమ్మ, టీచర్
శ్రీనాథ్, మందుల దుకాణం