నీకోసం పెట్టించిన ప్రార్థన

యాకుత్‌పురా,
మంగళవారం.

నా రూపకు,

ప్రభువు పేరిట వందనాలు. అమ్మా నేనూ బాగున్నాం. ఆ చలిదేశంలో నువ్వూ బాగానే ఉన్నావని నమ్ముతున్నాం.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. అమ్మ బీపీ మాత్రలు మానలేదు. నీ కరివేపాకు మొక్క బతికే ఉంది. ఎండాకాలం కదా, శాలిబండలో మన మోటారు వైండింగ్ షాపు మస్తుగా నడుస్తోంది. పక్కింటి సోనీకి ఏడో నెల. కనబడితే చాలు, "రూపక్క ఎప్పుడొస్తది?" అంటుంది. మొన్న షాపులో మైసయ్యన్న అడిగాడు: "నర్సమ్మ ఉండె గదనే, ఇంకేం జదువుతుంది?"

"రోగమొచ్చినంక మందిచ్చుడు కాదన్నా. గరీబోళ్ళకే రోగాలెందుకు ఎక్కువొస్తయో దేశదేశాల్ల చూసే పెద్ద చదువు" అన్నాను. చెప్తుంటే గర్వంగానే ఉండింది. ఆయన వెళ్ళాక మాత్రం పని మీద మనసు నిలవలేదు.

ఇక నీ ఆఖరి ప్రశ్న. చదువులో భాగమైన ఆ ప్రాజెక్టుకు అనుమతి వస్తే ఆఫ్రికాలో ఆ మలావీ వెళ్ళమంటావా, వద్దంటావా, ఫోన్‌లో నవ్వి తప్పించుకోకుండా కాగితం మీద పెట్టు అన్నావు. పెడుతున్నాను.

నాకు కుళ్ళు రూపా. మొదట ఆ డానియేలు మీద. ఫోటోల్లో మీ క్లాసువాళ్ళు మారుతుంటారు గానీ, ఆయన మాత్రం నీ పక్కనే ఉంటాడు. మలావీ ఆయన సొంత దేశమట, వాళ్ళమ్మ నీకు వండిపెడుతుందట! ఒళ్ళు మండిపోయింది. ఆయనకు పెళ్ళాం పిల్లలు ఉన్నారని నువ్వు రాశాక కూడా మంట ఆరలేదు. అప్పుడు తెలిసింది, నా కుళ్ళంతా నీ చదువు మీదని. ఇక్కడ ఆసుపత్రి నుంచి వచ్చి "కాళ్ళు గుంజుతున్నయ్" అని మంచమెక్కేదానివి. అక్కడ రోజంతా చదివి కూడా గలగలా మాట్లాడతావు. నిన్నంత సంతోషంగా నేనెప్పుడూ ఉంచలేకపోయాను.

ఇంకొకటి దాచాను. పోయిన శుక్రవారం ఉపవాస కూడికలో పాస్టరుగారు ఎవరికేం కావాలో చెప్పమని ప్రార్థన అవసరతలు అడిగితే లేచి నిలబడ్డాను. ఆ మలావీ పని ఆగిపోవాలని నా కోరిక. అందరి ముందూ ఆ మాట ఎలా అనను? సిగ్గేసి, "రూప మలావీ పని గురించి ప్రార్థన చేయున్రి" అని కూర్చున్నాను. అంతే! సంఘమంతా మోకాళ్ళ మీద పడింది. "తండ్రీ, మా బిడ్డకు తలుపు తెరువు!" అని గుండయ్య తాత ఏడ్చేశాడు. వాళ్ళ మధ్యలో నేనొక్కణ్ణే "మూసెయ్ ప్రభువా, మూసెయ్" అని గొణుక్కున్నాను.

శనివారం నీకు అనుమతి వచ్చింది. ప్రార్థన ఫలిస్తే అవసరత చెప్పినవాడే సంఘం ముందు సాక్ష్యం కూడా చెప్పాలి కదా, ఆదివారం మైకు నా చేతికొచ్చింది. ఇంటి దగ్గరే అమ్మ అననే అంది: "నీ కడుపుల ఏమున్నదో నాకెర్కరా. దేవుని ముందర అబద్ధం చెప్పకు."

చెప్పలేదు. "నేను ఆ పని కావొద్దని అడిగిన. మీరందరు కావాలని అడిగిన్రు. దేవుడు మీ మాటే విన్నడు" అన్నాను.

అందరూ నోళ్ళు తెరిచారు. గుండయ్య తాత మాత్రం పకపకా నవ్వాడు. "గిసొంటి సాక్ష్యం నేనెన్నడు ఇనలే బిడ్డా! మరిప్పుడేమంటవ్?"

నువ్వడిగిందే ఆయనా అడిగాడు. "పోయి రానీ తాతా" అన్నాను.

పోయిరా రూపా. కుళ్ళు మాత్రం ఇంకా పోలేదు. ఇకమీదట ఫోటోల్లో నీకూ డానియేలుకూ మధ్య వాళ్ళమ్మను నిలబెట్టు.

ఈ శుక్రవారం మళ్ళీ అవసరత చెప్తాను. ఈసారి సిగ్గుపడను. సగం చెప్పి కూర్చోను. మలావీలో పని అయిపోగానే నా పెళ్ళాం నా ఇంటికి రావాలని, అందరికీ వినపడేలా చెప్తాను.

ఇట్లు,
కుళ్ళుతోనే ఎదురుచూసే నీ ఇంటాయన,
ప్రేమ్‌రాజ్