టీవీలో పోయినవాడి మైల

సూపర్‌వైజర్ రాజలింగం సారుకు ఒమాన్‌లోని నిజ్వా లేబర్ క్యాంపు నుంచి దండాలు.

ట్యాంకు నీళ్లన్నీ ఏం చేశారని, టీవీ తీసుకుపోతానని మీరు మా మీద కోపపడ్డారు. నిన్నటి టీవీ సినిమాలో, అమెరికా కరువు కాలంలో బ్యాంకులు దోచిన దొంగను పోలీసులు కాల్చేశారు కదా, శవాన్ని దగ్గరగా చూపించారు. చూసినవాళ్లందరినీ వంట పోచన్న వంటశాల గుమ్మంలోనే ఆపేశాడు.

"దొంగైతేంది, పీనుగ పీనుగే! తానం చెయ్యకుంట నా వంట ముట్టద్దు" అన్నాడు.

క్యాంపంతా తలస్నానాలు చేసింది. వారం నీళ్లు ఒక్క పూటలో అయిపోయాయి.

టీవీ మాత్రం తీసుకుపోకండి సారు. మీరూ మా పక్కనే కూర్చుని చూశారు. స్నానం చేయకుండానే వెనక తలుపున వెళ్లి అన్నం తిన్నారు. ఆ సంగతి పోచన్నకు ఇంకా చెప్పలేదు.

మీ మేలు కోరే,
రెండో రూము మేస్త్రీ